చంటిబిడ్డల తల్లులు – దేవుని మందిరము



ఆరాధనలో బిడ్డ పాలకేడ్చినయెడల తల్లి లేచి వెలుపలికి పోవలెనా? శతవార్షికోత్సవ వేళ ఈ చిన్న సంగతిని మనవి చేయుచున్నాను.

సమూయేలు పాలు మానువరకు హన్నా షిలోహునకు పోక ఇంటనే నిలిచెను. అది ఆమె కోరికయే గాని ఎవరును ఆజ్ఞాపించినది కాదు. పౌలు థెస్సలొనీకయులకు వ్రాయుచు తన్ను తాను పాలిచ్చు తల్లితో పోల్చుకొనెను. రోములో ప్రిస్కిల్లా భూగర్భ సమాధులలో శిశువును రొమ్మున చేర్చుకొన్న తల్లి చిత్రమొకటి కలదు. అది మూడవ శతాబ్దపుదని పండితుల అభిప్రాయము. మధ్యయుగమున మరియమ్మ బాలయేసునకు పాలిచ్చు చిత్రములు యూరపు దేవాలయములలో అందరి యెదుటను ఉండెను. 1563లో ట్రెంటు మహాసభ దేవాలయ చిత్రములలో అసభ్యత కూడదని తీర్మానించిన పిమ్మట అట్టివి క్రమముగా తగ్గెను.

మన పల్లె దేవాలయములలో చాపమీద కూర్చున్న తల్లి పైటచెంగు కప్పి పాలిచ్చుచు ప్రసంగము వినుట వింత కాదు. పట్టణములలోనైతే పలువురు తల్లులు సిగ్గుపడి వరండాలోనికి పోవుచున్నారు. 2014 జనవరిలో పోపు ఫ్రాన్సిస్ సిస్టైన్ చాపెల్‌లో శిశువులకు బాప్తిస్మమిచ్చుచు, ఆకలిగొన్న బిడ్డలకు అక్కడనే పాలియ్యుడని తల్లులతో చెప్పిరి.

వరండాలోని తల్లికి వాక్యము సగమే వినబడును. ఒక్కొక్కప్పుడు ప్రభురాత్రి భోజనమును తప్పిపోవును. పెద్దలారా, ఆమెను లోపలనే కూర్చుండనియ్యుడి.