పెట్టుబడి బ్యాంకు కొలువు: హైదరాబాదు దేశపు పూర్వవృత్తాంతము

ఇంటర్మీడియటు ముగించి విశ్వవిద్యాలయమునకు బోవు పిల్లలలో కొందఱు ఈ నడుమ “ఇన్వెస్ట్‌మెంటు బ్యాంకింగులో చేరెదము” అనుచున్నారు. ధరూరులోను గద్వాలలోను ఈ మాట నేను పలుమాఱులు వింటిని. వినిన తాతలు “బ్యాంకులో గుమాస్తా పని కాబోలు, మంచిదే” యని యూరకుందురు. మనకు పంటఋణమిచ్చు బ్యాంకునకును ఈ వృత్తికిని పేరులో తప్ప పోలిక తక్కువ. ఇది యేమి వృత్తి, మన హైదరాబాదు దేశమున ఎన్నడు పుట్టినది, అందు ఎవరు ఏ వాకిట ప్రవేశించిరి, వారి గతి యేమైనది, ఆ కథవలన నేటి విద్యార్థియు వాని పెద్దలును గ్రహింపవలసినదేమి యను విషయములను నేటి ప్రసంగమున విన్నవించెదను.

ధనవ్యాపారము స్థూలముగా మూడు తెఱగులు. సాహుకారు తన సొమ్మును వడ్డీకిచ్చును. బ్యాంకు పదుగురు దాచుకొన్న సొమ్మును వడ్డీకిచ్చును. మూడవవాడు సొమ్ము కావలసినవానిని, సొమ్ము గలవారిని కలుపును. ఒక కంపెనీకి కార్ఖానా కట్టుటకు వేయి కోట్లు కావలెననుకొందము. అంత సొమ్ము ఒక్కచోట దొరకదు. అప్పుడా మూడవవాడు దానిని చిన్న చిన్న వాటాలుగనో ఋణపత్రములుగనో విభజించి, ఒక్కొక్కదానికి వెల నిర్ణయించి, కంపెనీ లెక్కలను లాభనష్టములను తెలుపు వివరణపత్రమును సిద్ధపఱచి, కొనువారిని వెదకి, తన కమీషను పుచ్చుకొనును. ఒక కంపెనీ వేఱొక కంపెనీని కొనునపుడు వెల కట్టువాడును ఇతడే. ఇతనినే పెట్టుబడి బ్యాంకరు అందురు.

నడిగడ్డ రైతునకు పోలిక చెప్పవలెనన్న పత్తివిత్తనపు ఆర్గనైజరు కలడు. కంపెనీ యెక్కడనో యుండును, చేను మనది, నడుమ ఆర్గనైజరు పెట్టుబడి తెచ్చి యిచ్చి, పండిన విత్తనము కంపెనీకి జేర్చి, అసలును వడ్డీని పట్టుకొని, మిగిలినది రైతు చేతిలో బెట్టును. నడుమ నిలుచువాడు ఇరువైపుల లెక్కను ఎఱుగును. ఇరువైపులవారు ఒకరి లెక్క నొకరెఱుగరు. వాని బలమంతయు అందే యున్నది. మన ప్రమాదమును అందే యున్నది. ఈ మాట మనసున నుంచుకొన్నచో తరువాతి కథ తేటపడును.

మన రాజధానిలో ఇట్టి వ్యాపారము చేసిన మొదటి పెద్ద కొఠీ విలియం పామరు కంపెనీ. అది 1814లో నెలకొన్నది. విలియం పామరు తండ్రి ఆంగ్లేయ సేనాపతి, తల్లి ఈ దేశపు స్త్రీ. ఆయన పూర్వము నిజాము సైన్యమున కొలువు చేసినవాడు. కొఠీలో బంకటీదాసను సాహుకారును భాగస్వామి. ఐరోపావారు దేశీయ ప్రభువులకు అప్పులిచ్చుటను పార్లమెంటు చట్టము నిషేధించియుండగా, 1816లో గవర్నరు జనరలు హేస్టింగ్సు ప్రభువు ఈ కొఠీకి ప్రత్యేకముగ అనుజ్ఞ యిచ్చెను. ఆ కొఠీలో సర్ విలియం రంబోల్డు అను యువకుడు భాగస్వామిగా జేరెను. ఆయన భార్య హేస్టింగ్సు ప్రభువు ఇంట పెరిగిన యువతి. కొఠీలో ఆయనకు స్థానము దొరకుటకు ఈ బాంధవ్యమే ముఖ్యకారణమని చరిత్రకారులు చెప్పుదురు.

సికందరుజాహి నిజాముగా నుండగా పేష్కారు చందూలాలు రాజ్యవ్యవహారములు నడపుచుండెను. సైన్యపు జీతములకు సొమ్ము చాలదు. కొఠీవారు అప్పిచ్చిరి. వడ్డీ సుమారు నూటికి నెలకు రెండు రూపాయలు; ఏటికి 24. అప్పునకు పూచీగా తాలూకాల శిస్తును వ్రాయించుకొనిరి. 1820లో అఱువది లక్షల ఋణమని యొకటి పుట్టెను. పాత బాకీలే దానిలో కొంత క్రొత్త పేరు దాల్చెను. ఆ యేడే రెసిడెంటుగా వచ్చిన చార్లెసు మెట్కాఫు లెక్కలు తెప్పించి చూచి, రాజ్యమంతయు ఈ కొఠీకి తాకట్టు పడుచున్నదని పైవారికి వ్రాసెను. హేస్టింగ్సు ప్రభువు మొదట ఆయనపైననే ఆగ్రహించెను. కాని అంకెలు ఆగ్రహమునకు లొంగవు గదా!

చివఱకు అప్పు తీర్చిన విధము వినదగినది. ఉత్తర సర్కారులను, అనగా మన సముద్రతీరపు తెలుగు జిల్లాలను, ఏలుకొనుచున్నందులకు ఈస్టిండియా కంపెనీ నిజామునకు ఏటేట 7 లక్షల రూపాయల పేష్కషు చెల్లించుచుండెను. 1823లో ఆ హక్కును నిజాము విడిచిపెట్టగా కంపెనీ 1,16,66,666 రూపాయలు ఏకమొత్తముగ నిచ్చెను. ఈ వింత అంకె యెట్లు వచ్చినదో త్రైరాశికముతో చూడుడు. నూటికి ఆఱు వడ్డీ చొప్పున ఏటికి ఏడు లక్షలు రావలెనన్న అసలెంత యుండవలెను? ఏడు లక్షలను నూటితో గుణించి ఆఱుతో భాగింపుడు. సరిగా ఆ మొత్తమే వచ్చును. కలకాలము రావలసిన రాబడికి నేటి వెల కట్టుట యనగా నిదియే. నేడు పెద్ద కళాశాలలలో గొప్ప పేరుతో నేర్పు విద్యకు మూలము ఈ లెక్కయే. క్రీ.శ. 1150 నాటి భాస్కరాచార్యుని లీలావతిలో మిశ్రవ్యవహారమను ప్రకరణము వడ్డీ లెక్కలకును భాగస్వాముల వాటాలకును ఏర్పడినదే. కనుక పల్లెటూరి బిడ్డకు ఈ విద్య అందరానిదని యెవ్వరును భయపెట్టనక్కఱలేదు.

అప్పు తీరెను, మఱుసటి యేడు కొఠీ దివాలా తీసెను. రాజ్యముగూడ ఋణవిముక్తము గాలేదు. సైన్యపు ఖర్చుల బాకీ పెరిగి పెరిగి 1853 మే మాసపు సంధితో బీరారును, రాయచూరు దోఆబును, నల్దుర్గ ప్రాంతమును ఆంగ్లేయుల చేతిలో పెట్టవలసివచ్చెను. రాయచూరు దోఆబు అన మనకు పడమట నున్న నేలయే. కృష్ణా తుంగభద్రల నడుమ మన నడిగడ్డతో ఒకే గట్టున నున్నది. అది 1860లో తిరిగి వచ్చెను గాని బీరారు రాలేదు. ఒక ఋణపత్రముపై వ్రాసిన అంకె రాజధానిలో నాగక, మన పొలిమేర దాక వచ్చి నేలను పట్టుకొనిపోవునని ఈ వృత్తాంతము చెప్పుచున్నది.

రెండవ ఘట్టము రైలుది, బొగ్గుది. 1883లో హైదరాబాదునుండి ఓరుగల్లు మీదుగా చాందా దిక్కునకు రైలుమార్గము వేయుటకు లండనులో వాటాలు అమ్మి పెట్టుబడి తేవలెనని యోచన జరిగెను. వాటాలు కొన్నవారికి నూటికి ఐదు చొప్పున ఇరువది యేండ్లు నిజాము ప్రభుత్వము పూచీ పడవలెను. లాభము రాకున్న ఆ భారము బొక్కసముది, అనగా రైతుది. అప్పుడు ఎడింబరో విశ్వవిద్యాలయమున చదివివచ్చిన అఘోరనాథ చట్టోపాధ్యాయుడు, ముల్లా అబ్దుల్ ఖయ్యూము మొదలగువారు “ఈ ఒప్పందపు షరతులు ప్రజలకు తెలుపుడు” అని అడిగిరి. అడిగినందులకు ప్రభుత్వము వారిని రాజ్యమునుండి వెడలగొట్టెను. సరోజినీనాయుడుగారి తండ్రియే ఈ అఘోరనాథుడు. కంపెనీ ఏర్పడి రైలు నడచెను. 1930లో నిజాము ప్రభుత్వము ఆ రైల్వేను కొనివేసెను. రైలు మేలే చేసినది. గద్వాలకు బండి వచ్చుటవలన మనమెంత సుఖపడితిమో పెద్దలెఱుగుదురు. అయినను ఆనాడు వారడిగిన ప్రశ్న న్యాయమైనది.

ఆ ప్రశ్న యెంత న్యాయమైనదో మూడేండ్లలోనే తేలెను. 1886లో గనులు త్రవ్వు హక్కును వాట్సను, స్టూవర్టు అను ఇద్దఱు సంపాదించి లండనులో హైదరాబాదు దక్కను కంపెనీని స్థాపించిరి. పది పౌనుల వాటాలు లక్ష. మూలధనము పది లక్షల పౌనులు. కాని సొమ్ము చెల్లింపబడిన వాటాలు 15,000 మాత్రమే. తక్కిన 85,000 వాటాలు పైకము లేకయే, చెల్లించినట్లుగ వ్రాసికొని, హక్కుదారులు తీసికొనిరి. నిజాము తరపున లండనులో వ్యవహరించుచున్న అబ్దుల్ హక్కు ఆ పది పౌనుల వాటాలనే పండ్రెండు పౌనులకు నిజాము సొమ్ముతో కొనెను. 1888లో ఆంగ్లేయ పార్లమెంటు సంఘము విచారింపగా, కొనిపెట్టినవానికే అమ్మువారి వాటాలలో భాగమున్నట్లు బయటపడెను. ఆర్గనైజరు రెండు చేతుల కమీషను పుచ్చుకొన్నట్లే! సింగరేణి బొగ్గుగనుల చరిత్రకు మొదటి పుట యిదియే. బొగ్గు నిజము, గని నిజము. కాగితముమీది వెల మాత్రము అబద్ధము.

ఈ రెండు ఘట్టములందును ఆ వాకిట ప్రవేశించినవారు పరిచయముచేతను పలుకుబడిచేతను ప్రవేశించినవారు. దేశీయుల పిల్లలకు చదువుచేత తెఱచుకొన్న వాకిళ్లు ఇరువదవ శతాబ్దమున వచ్చినవి. 1923 నవంబరులో డాక్టరు భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు మచిలీపట్టణమున ఆంధ్రాబ్యాంకును లక్షరూపాయల చెల్లించిన మూలధనముతో స్థాపించిరి. ఆయన వృత్తిచేత వైద్యుడు. హైదరాబాదున 1929లో ప్రభుత్వము కోటి రూపాయలతో పారిశ్రామిక నిధిని నెలకొల్పి, క్రొత్త కార్ఖానాలలో వాటాలు కొనుట కారంభించెను. బోధను చక్కెర కార్ఖానా, సిర్పూరు కాగితపు మిల్లు వంటివి ఆ కాలమున వెలసినవే. 1941 నాటి చట్టముతో హైదరాబాదు స్టేటు బ్యాంకు ఏర్పడి, 1942 ఏప్రిలులో పని మొదలిడెను. ఈ సంస్థలు పెరుగగా పల్లెలనుండి వచ్చిన పట్టభద్రులకు పరీక్ష వ్రాసి ధనవ్యాపారపు మెట్టెక్కు అవకాశము క్రమముగ కలిగెను. ఆ రెండు బ్యాంకులును నేడు వేఱు పేళ్లతో లేవు. 2017లో ఒకటి భారతీయ స్టేటు బ్యాంకున, 2020లో ఒకటి యూనియను బ్యాంకున కలిసిపోయినవి. కాని అవి తెఱచిన మార్గము మూయబడలేదు.

మూడవ ఘట్టము మనమందఱము కన్నులార చూచినది. హైదరాబాదులోని సత్యం కంపెనీ పేరు 2008 వఱకు దేశమంతట మాఱుమ్రోగెను. ఆ యేడు డిసెంబరు చివఱ కంపెనీ తన భవిష్యత్తును గుఱించి సలహా చెప్పుటకు మెరిల్ లించ్ అను పెట్టుబడి బ్యాంకును నియమించుకొనెను. వారు కాగితములు పరిశీలింప మొదలిడి, లెక్కలలో పెద్ద దోషములున్నవని గుర్తించి, 2009 జనవరి 6వ తేదీన తమ ఒప్పందమును రద్దు చేసికొనిరి. మఱునాడే కంపెనీ అధ్యక్షుడు లేని సొమ్మును ఉన్నట్లు చూపితినని లేఖ వ్రాసెను. బ్యాంకులలో నున్నదని చూపిన సొమ్ములో 5,040 కోట్లు లేనేలేవు. ఏండ్ల తరబడి ఎందఱో చదివిన లెక్కలే అవి. ఎవరికిని కనబడనిది కొలది దినములలో కనబడుట యెట్లు? అడుగవలసిన ప్రశ్న అడిగి, చూపవలసిన కాగితము చూపుమనుటచేత. ఈ వృత్తికి ప్రాణమదియే.

కడచిన యేడు ఒక విద్యార్థి నాయొద్దకు వచ్చి, “పంతులుగారూ, మాకు తెలిసినవారెవ్వరును లేరు. ఆ వాకిలి నాకు తెఱచుకొనునా? నగరమున ఒక శిక్షణాలయమువారు ఉద్యోగము ఖాయమనుచున్నారు, నాయన రెండెకరములు తాకట్టు పెట్టెదననుచున్నాడు” అనెను. నేను పైకథ చెప్పి, కొన్ని మాటలంటిని. అవి మీకును పనికివచ్చును.

మొదటిది: ఈ కొలువులో పెద్ద కొఠీలు ఎక్కువగ కొన్ని పేరుగల కళాశాలలనుండియే పిల్లలను ఏఱుకొనును. పరిచయపు వాకిలి నేటికిని పూర్తిగ మూతపడలేదు. కాని ప్రక్కనే లెక్కల వాకిలి యున్నది. చార్టర్డు అకౌంటెన్సీ చదువునకు ఇంటర్మీడియటు తరువాతనే ప్రవేశింపవచ్చును. అందు పరీక్షలతోబాటు అనుభవజ్ఞుని యొద్ద కొన్ని యేండ్లు శుశ్రూష చేసి పని నేర్చు నియమము కలదు. పూర్వము మేము గురువుల యొద్ద శాస్త్రము చదివినట్లే. దానికగు వ్యయము తక్కిన చదువులకంటె చాల తక్కువ, కావలసినది ఓపిక.

రెండవది: నానక్‌రామ్‌గూడ ప్రాంతమున ప్రపంచపు పెద్ద బ్యాంకుల కార్యాలయములు కలవు. వానిలో చాల కొలువులు లెక్కలు సరిచూచుట, యంత్రములు నడపుట వంటివి. అవియు గౌరవమైన పనులే. కాని వాటాల వెల కట్టు కొలువు వేఱు. “కంపెనీ పేరేమి” యని గాక “పని యేమి” యని అడుగవలెను.

మూడవది: చదువుచున్నపుడే సెలవులలో ఎచ్చటనైన పని నేర్చుకొనవలెను. ఒక కంపెనీ సాలుసరి నివేదికను తీసికొని, సొమ్ము ఎచ్చటనుండి వచ్చినది, ఎచ్చటికి పోయినది, బాకీ ఎంత, దానికి పూచీ ఎవరు అని తన మాటలలో వ్రాయగలుగవలెను. ఊరి సహకారసంఘపు పద్దులతో మొదలిడిన మఱియు మంచిది. ఇంగ్లీషున స్పష్టముగ మాటలాడుట అవసరము. రాత్రులు మేల్కొని పనిచేయవలసి యుండునని గూడ ముందే తెలియవలెను.

నాల్గవది పెద్దలకు. ఉద్యోగము ఖాయమని చెప్పు శిక్షణాలయము తన మాటను కాగితముపై పెట్టునా? పోయినయేడు చేరిన పిల్లలెందఱు, వారిలో ఏ పని దొరకినవారెందఱు? ఉద్యోగము రాకున్న రుసుము తిరిగి ఇత్తురా? ఈ ప్రశ్నలకు సమాధానము రాకమునుపు చేను తాకట్టు పెట్టవలదు. అఘోరనాథుడు ప్రభుత్వము నడిగినదియు ఇదియే, షరతులు చూపుమని. అడిగినందుల కాయనకు దేశబహిష్కారము కలిగెను. మనకట్టి భయమేమియు లేదు.

మన పిల్లలు ఈ వృత్తిలో చేరుట మంచిదే. పూర్వము నడుమ నిలిచినవారిలో మన రైతు కష్టమెఱిగినవాడు లేకపోయెను. కనుకనే పూచీ భారము ఎవరిపై బడుచున్నదో వారు తలపలేదు. వడ్డీ బరువును ఇంటనే చూచి పెరిగిన బిడ్డ ఆ కొలువున కూర్చున్నచో, వెల కట్టునపుడు చెల్లించువాని ముఖము వానికి జ్ఞాపకముండును. ఆ జ్ఞాపకము ఏ విశ్వవిద్యాలయమును ఈయజాలదు. దానిని మీరు ఈయగలరు. నేడే మనుమని ప్రక్కన కూర్చుండబెట్టుకొని మీ ఇంటి అప్పుపద్దు వానిచేత చదివింపుడు. అసలెంత, వడ్డీ ఎంత, ఎన్నేండ్లు తీర్చితిమి, ఇంకెంత మిగిలినదని వానిచేతనే కట్టింపుడు.