కదలెడు గోడలు: కార్యాలయముల కథ

కార్యాలయమనగా మనకు వెంటనే స్ఫురించునది ఒక భవనము, అందులో వరుసగా వేసిన బల్లలు, ఒక్కొక్క బల్లవెనుక ఒక్కొక్క ఉద్యోగి. కాని వ్రాతపనికి ప్రత్యేకముగా ఒక ఇల్లు కట్టుట అన్నిచోట్లను పాతవాడుక కాదు. మన గ్రామములలో కరణము లెక్కలు వ్రాసినది తన ఇంటి అరుగుమీదనే. కవిలె కట్టలు ఆయన ఇంటిలోనే ఉండెడివి. జమాబందికి మాత్రము వానిని మోయించుకొని అధికారి మకాము చేసినచోటికి పోయెడివాడు. 1984లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఆ వంశపారంపర్యపు పదవులను రద్దుచేసెను. ఇంటిలో కొంత, కచేరీలో కొంత పనిచేయు ఏర్పాటు ఈనాడు 'హైబ్రిడ్' అను క్రొత్తపేరుతో వచ్చినను, కరణముగారికి అది వింతగా తోచియుండదు. వందలు, వేలుగా గుమాస్తాలను ఒక కప్పుక్రిందికి చేర్చుటయే ఇటీవలి సంగతి.

19వ శతాబ్దము చివర టైపురైటరు, టెలిఫోను, చౌకయైన తపాలా కలిసి కాగితపు వెల్లువను తెచ్చినవి. అమెరికాలోని బఫెలో నగరమున లార్కిన్ అను సబ్బుల కంపెనీ తపాలా ద్వారా సరుకు అమ్మెడిది. వచ్చిపడు ఉత్తరములను విప్పి, లెక్కకట్టి, జవాబులు వ్రాయించుటకై దానికి ఫ్రాంక్ లాయిడ్ రైట్ అను వాస్తుశిల్పి ఒక భవనమును నిర్మించియిచ్చెను. అది 1906లో వాడుకలోనికి వచ్చెను. నడుమ అయిదంతస్తుల ఎత్తున గాజుకప్పుగల మండువా, దానిచుట్టును అంతస్తులు, వెలుపలి రైళ్ళ పొగ సోకకుండ శుద్ధిచేసి చల్లబరచి పంపిన గాలి, ఉక్కు బల్లలు — ఆ కాలమునకు అన్నియు అద్భుతములే. కుర్చీలను సైతము బల్లలకే బిగించిరి. ఊడ్చువారికి అది సుఖము. కూర్చున్నవారికి మాత్రము తన కుర్చీని జానెడు జరుపుకొను స్వేచ్ఛయైనను లేదు. ఆ గొప్ప భవనమును 1950లో పడగొట్టిరి.

ఆ దినములలోనే ఫ్రెడెరిక్ టేలర్ కర్మాగారములలో పనివాని ప్రతి కదలికను గడియారముతో కొలుచుచుండెను. ఆ పద్ధతిని గుమాస్తాలకు అన్వయించినవాడు విలియం లెఫింగ్‌వెల్. 1917లో కార్యాలయముల శాస్త్రీయ నిర్వహణమును గూర్చి గ్రంథము ప్రకటించెను. ఆయన వేసిన లెక్క ఒకటి విద్యార్థులకు వినోదముగా ఉండును. మంచినీళ్ళ కుళాయి 50 అడుగుల దూరములో ఉన్నదనుకొందము. ఒక గుమాస్తా దినమునకు అయిదుసార్లు పోయివచ్చినచో 500 అడుగులు నడచును. నూరుగురు కలిసి 50,000 అడుగులు, అనగా తొమ్మిదిన్నర మైళ్ళు. ఏటికి 300 పనిదినములైనచో ఎన్ని మైళ్ళగునో పాఠకులే గుణించుకొనవచ్చును! లెక్క తప్పులేనిది. అయితే నీళ్ళకై లేచినవాడు దారిలో మరొకనితో రెండు మాటలాడుననియు, ఆ మాటలలోనే ఎంతో పని తెమలుననియు ఆ లెక్కలో చేరలేదు.

ఆ సంగతిని ముందుగా పట్టుకొన్నవారు జర్మనులు. హాంబుర్గునకు సమీపమున క్విక్‌బోర్న్ అను ఊరిలో ఎబర్‌హార్డ్ ష్నెల్లె, వోల్ఫ్‌గాంగ్ ష్నెల్లె అను సోదరులు 1950 తరువాతి సంవత్సరములలో కంపెనీలకు సలహాదారులుగా పనిచేయుచుండిరి. ఎవరి కాగితము ఎవరి బల్లకు పోవుచున్నది, ఎవరు ఎవరితో ఎన్నిసార్లు మాట్లాడుచున్నారు అను వివరములు సేకరించి, ఆ రాకపోకలను బట్టి బల్లలను అమర్చిరి. గదులు లేవు, సరళరేఖలు లేవు. తివాచీ పరచిన విశాలమైన ఒకే చావడిలో బల్లలు గుంపులు గుంపులుగా, నడుమ కుండీలలో మొక్కలు, పొట్టి తెరలు. పై అధికారికిని తలుపు లేదు. దీనికి వారు పెట్టిన జర్మను పేరును మనము 'కచేరీ తోట' అని తెలిగించుకొనవచ్చును. 1967లో అమెరికాలో డ్యుపాంట్ రసాయనముల కంపెనీ కూడ ఈ పద్ధతిని పరీక్షించిచూచెను.

తోట చూపునకు బాగుండెను కాని చెవికి బాగుండలేదు. పొట్టి తెరలు దృష్టిని కొంత ఆపగలవు, ధ్వనిని ఆపలేవు. ధ్వనితరంగములు తెరపైనుండి వంగి ఆవలకు పోవును, కప్పునకు తగిలి మరల క్రిందికి వచ్చును. చావడి మధ్యనున్నవారికి కిటికీ వెలుతురు అందదు. 1970 తరువాత జర్మనీ, నెదర్లాండ్సు, స్వీడను దేశములలో ఉద్యోగుల ప్రతినిధులకు ఇట్టి విషయములలో మాట చెల్లుట మొదలైనపిదప ఈ తోటలు క్రమముగా తగ్గినవి. నెదర్లాండ్సులోని అపెల్‌డోర్న్ పట్టణమున హెర్మన్ హెర్ట్స్‌బెర్హర్ 1972లో ఒక భీమా కంపెనీకి కట్టిన భవనము మరియొక త్రోవ త్రొక్కినది. చిన్నచిన్న చదరపు వేదికలను మెట్లతో, వంతెనలతో కలిపి అల్లిన భవనమది. ఉద్యోగులు ఇంటినుండి మొక్కలు, పటములు తెచ్చి తమ భాగమును తామే తీర్చిదిద్దుకొనవలెనని ఆయన ఉద్దేశము. వారట్లే చేసిరి.

అమెరికాలో రాబర్టు ప్రాప్‌స్ట్ అను శిల్పి హెర్మన్ మిల్లర్ ఫర్నీచరు కంపెనీ తరఫున ఇదే సమస్యపై పరిశోధనచేసెను. దినమంతయు కదలక కూర్చుండుట దేహమునకును బుద్ధికిని కీడని ఆయన నమ్మకము. అందుచే 1964లో వెలువడిన మొదటి అమరికలో నిలువబడి పనిచేయు బల్లయు చేరినది. దానిని అందరు మెచ్చిరి, కొన్నవారు కొలది. 1968లో రెండవ అమరిక వచ్చెను: తేలికయైన నిలువు పలకలు, వానికి తగిలించు బల్లలు, అరలు. పని మారినప్పుడెల్ల గోడను కదల్చుకొనవచ్చును. ఆయన చూపిన చిత్రములలో పలకలు 120 డిగ్రీల కోణముతో, తేనెపట్టు గదుల మూలలవలె కలియుచుండెను. ఎవరును పెట్టెలో ఉన్నట్లుండదు. కొన్న కంపెనీలు మరొక లెక్క వేసినవి. కోణమును 90 డిగ్రీలకు తగ్గించినచో అదే హాలులో ఎక్కువమంది పట్టుదురు. పైగా అమెరికా పన్ను లెక్కలలో కట్టినగోడ విలువ చాల ఏండ్లకుగాని తరుగదు, సామగ్రి విలువ కొద్ది ఏండ్లలోనే తరిగినట్లు చూపవచ్చును. ఇట్లు స్వేచ్ఛకై పుట్టిన పలక, 'క్యూబికల్' అను చతురస్రపు దొడ్డియైనది. ప్రాప్‌స్ట్ 2000లో మరణించుటకు ముందు ఈ వాడుకను గట్టిగా ఖండించెను.

ఇంతలో కొందరు, అసలు బల్ల ఒకచోటనే ఎందుకుండవలెనని అడుగసాగిరి. కాలిఫోర్నియాలో జాక్ నిల్లెస్ అను ఇంజనీరు 1973లో 'టెలికమ్యూటింగ్' అను మాటను సృష్టించెను: ఉద్యోగిని పనియొద్దకు చేర్చుటకు మారుగా పనినే తంతిమీద ఉద్యోగియొద్దకు పంపుట. లాస్ ఏంజిలిస్‌లోని ఒక భీమా కంపెనీ గుమాస్తాలు తమ ఇండ్లకు దగ్గరగానున్న చిన్న కేంద్రములలో పనిచేసిరి. ఫలితములు బాగుండినను కంపెనీ దానిని కొనసాగించలేదు. అదే ఏట థామస్ అల్లెన్ అను శాస్త్రజ్ఞుడు, ఒక ఇంజనీరింగు విభాగమున ఎవరికిని సొంతబల్ల లేకుండ చేసిన ప్రయోగఫలితములను ప్రకటించెను. మాటామంతీ పెరిగినది, ఉద్యోగులు పాతపద్ధతికి పోవ నిష్టపడలేదు. ఇద్దరి బల్లల నడుమ దూరము పెరిగినకొలది వారు మాట్లాడుకొనుట వేగముగా తగ్గుననియు, సుమారు 30 మీటర్లు దాటినచో అది మిక్కిలి స్వల్పమనియు ఆయనయే కనుగొనెను.

కాని 1994లో షయట్-డే అను ప్రకటనల కంపెనీ ఇట్లే బల్లలు తీసివేసి, ఉదయమున వచ్చినవారికి కంప్యూటరు, టెలిఫోను అరువిచ్చి సాయంత్రము మరల తీసికొనుట మొదలుపెట్టగా పెద్ద గందరగోళమైనది. కాగితములను కారు డిక్కీలలో దాచుకొన్నవారు కలరు! కొద్ది ఏండ్లలోనే బల్లలు తిరిగివచ్చినవి. 2018లో ప్రకటితమైన మరొక పరిశీలనలో, గోడలు తీసివేసిన రెండు పెద్ద కార్యాలయములలో ముఖాముఖి సంభాషణ సుమారు నూటికి 70 పాళ్ళు తగ్గి, ఆ మేరకు తెరమీది సందేశములు పెరిగినవి. చాటులేనిచోట మనిషి చెవులు మూసికొని తన చాటును తానే కల్పించుకొనును కాబోలు.

2020 మార్చిలో అంటువ్యాధి కారణముగా ఈ చర్చ తాత్కాలికముగా ఆగిపోయినది. అందరును ఇంటికే పోయిరి. 1998లో తెరచిన సైబర్ టవర్సుతో మొదలై హైదరాబాదులో పెరిగిన కంప్యూటరు కంపెనీల భవనములును ఖాళీయైనవి. కాల్ సెంటర్ల పనిని ఇంటినుండి చేయించుటకు మనదేశమున ఉండిన టెలికాం నిబంధనలను ప్రభుత్వము 2020 నవంబరులో సడలించెను. తరువాత చైనాలో ఒక ప్రయాణ కంపెనీయందు 1,612 మందిపై జరిపి 2024లో ప్రకటించిన ప్రయోగమున, వారమునకు రెండు దినములు ఇంటినుండి పనిచేయనిచ్చినవారిలో పనితీరు తగ్గలేదు. ఉద్యోగము మానువారి సంఖ్య మూడవవంతు తగ్గినది.

ఇక నిర్మాతలకు మిగిలినది బల్లల లెక్క. నూరుమంది ఉద్యోగులు వారములోని అయిదు దినములలో మూడేసి దినములు వత్తురనుకొందము. సగటున దినమునకు 60 మంది. ఎవరి దినములను వారు చీట్లు తీసినట్లు ఎన్నుకొన్నచో, 70 బల్లలు చాలని దినములు నూటికి రెండింటికి మించవు. కాని మనుష్యులు చీట్లు తీయరు. సోమ, శుక్రవారములను వదలి వారము నడుమ వత్తురు. బుధవారమున 90 మంది వచ్చినచో 20 మంది నిలువబడవలెను. జట్టుకొక దినము నిర్ణయించినచో తోపులాట తగ్గును. అయితే ఒక జట్టు సోమవారమున, మరొకటి గురువారమున వచ్చినచో, బల్ల ఒక్కటేయైనను, అల్లెన్ సూత్రమును బట్టి వారు వేరువేరు ఊళ్ళలో ఉన్నట్లే.

ఉపాధ్యాయులు సంభావ్యత పాఠము చెప్పునప్పుడు దీనిని తరగతిలోనే చేసి చూపవచ్చును. నలుబదిమంది పిల్లలుగల తరగతిలో మొదట ఒక్కొక్కరిచేత చీట్లు తీయించి మూడేసి దినములు నిర్ణయింపవలెను. పిమ్మట ఇష్టమైన మూడు దినములను వారినే వ్రాయుమనవలెను. రెండు పట్టికలలోను అందరికంటె ఎక్కువమంది వచ్చిన దినమును ఎన్ని బల్లలు కావలసివచ్చినవో నల్లబల్లమీద ప్రక్కప్రక్కన వ్రాసి పోల్చిన చాలును.