వడిసెల, రోకలి, కారప్పొడి

తెలంగాణ సాయుధ పోరాటం అనగానే బందూకు పట్టిన దళ సభ్యుడి బొమ్మే కళ్లముందు నిలుస్తుంది. బందూకులు తరువాత వచ్చాయి. 1946లో భూస్వాములైన దేశ్‌ముఖ్‌ల గూండాలు ఊళ్ల మీద పడ్డప్పుడు రైతుకు దిక్కు ఇంట్లో, చేలో ఉన్న సామానే. అందులోంచి జనం వేటిని ఎంచుకున్నారో చూస్తే వాళ్ల తెలివికి చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

వడిసెలనే తీసుకోండి. జొన్నచేలో మంచె ఎక్కి పిట్టలను తోలేందుకు వాడేది. తాడు నడుమ చిన్న అల్లిక, అందులో రాయి. రెండు కొసలూ పట్టి తల చుట్టూ గిరగిరా తిప్పి ఒక కొస వదిలితే రాయి దూసుకుపోతుంది. వట్టి చేత్తో విసిరిన రాయి దాని దరిదాపులకు కూడా రాదు. కొస ఎప్పుడు వదలాలన్నదే అసలు విద్య. అది ఒక్కనాటితో పట్టుబడేది కాదు. చిన్ననాటి నుంచీ చేనుకావలి కాసినవాడికి మాత్రం వేరే తాలీము అక్కర్లేదు. పైసా ఖర్చు లేదు, రాళ్లకు కరువూ లేదు.

దగ్గరికొచ్చినవాడికి గుతుప, అంటే దుడ్డుకర్ర. చేతికర్రలతో కదిలే కార్యకర్తలను చూసి పల్లెలు, రైతులను కూడగట్టిన ఆంధ్ర మహాసభను ‘గుతుపల సంఘం’ అన్నాయి.

ఆడవాళ్లు కారప్పొడి, రోకళ్లు పట్టారు. ఇదేదో కథకు అలంకారంగా చెప్పే మాట కాదు. ఇరుకు గుమ్మంలోంచి ఒక్కడే లోపలికి రాగలడు. వాడి కళ్లలో కారం పడితే చేతిలో కత్తి ఉండీ లేనట్టే. కిందికొస పొన్ను తొడిగిన రోకలి బరువైనది, పొడవైనది. రోజూ వడ్లు దంచిన భుజాలకు దాని ఎత్తూ వేటూ కొత్త కాదు. పోరాటంలో పాల్గొన్న స్త్రీల జ్ఞాపకాలను స్త్రీశక్తి సంఘటన 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’గా అచ్చు వేయించింది. మన పాఠ్యపుస్తకాల్లో ఆ స్త్రీలకు తగినంత చోటు దక్కలేదు. ఇది అన్యాయం.

అయితే ఈ ఆయుధాలన్నిటికీ ఒక హద్దుంది. 1946 జులై 4న కడవెండిలో జనం కర్రలు, వడిసెలలతో ఊరేగింపుగా సాగుతుంటే విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు తుపాకులు పేల్చారు. ఊరేగింపులో ఉన్న దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. నిజాం పాలనకు కొమ్ముకాసిన సాయుధ మూకలైన రజాకార్ల దాడులు ముదిరేసరికి దళాలు తుపాకులు సంపాదించక తప్పలేదు.

బైరాన్‌పల్లి వాళ్లు ఊరి బురుజు మీద కాపలా పెట్టుకుని, వడిసెలలతో, నాటు తుపాకులతో రజాకార్లను అంతకుముందు తరిమికొట్టినవాళ్లే. అందుకే 1948 ఆగస్టు 27న రజాకార్లు నిజాం సైన్యాన్ని, ఫిరంగిని వెంటబెట్టుకుని వచ్చారు. బురుజు మీది కాపలా కూలిపోయింది. పట్టుబడ్డవాళ్లను వరసగా నిలబెట్టి కాల్చారు. భారత సైన్యం హైదరాబాద్ రాజ్యంలో అడుగుపెట్టింది సెప్టెంబరు 13న, అంటే పదిహేడు రోజులు ఆలస్యంగా.