గ్రీకు స్తంభం - మన రాతి కంబం

హైదరాబాదు కోఠీలోని పాత రెసిడెన్సీ భవనాన్ని మన సభ్యులలో చాలామంది చూసే ఉంటారు. కిర్క్‌పాట్రిక్ దొర హయాంలో 1803లో దాని నిర్మాణం మొదలైంది. 1949లో అది మహిళా కళాశాల అయింది. దాని ముందున్న ఆరు ఎత్తైన స్తంభాలు కొరింథియన్ శైలివి. వాటి మూలం గ్రీసు దేశం. మన నల్లగొండ, పాలమూరు గుళ్ళలోని కంబాలు వాటికి తీసిపోవు. రెంటినీ పక్కపక్కన పెట్టి చూద్దాం.

గ్రీకు శైలులు మూడు. డోరిక్ స్తంభానికి పీఠం ఉండదు, తలకట్టు సాదాగా ఉంటుంది. ఏథెన్సులోని పార్థినాన్ (క్రీ.పూ. 447-432) బయటి స్తంభాలు ఇవే. అయోనిక్ స్తంభం సన్నగా ఉంటుంది, తలకట్టుకు ఇరువైపులా చుట్టలుంటాయి. కొరింథియన్ తలకట్టు నిండా ఆకాంథస్ ఆకులే. ఒక కన్య సమాధిపై పెట్టిన బుట్ట చుట్టూ ఆ ఆకులు అల్లుకోవడం చూసి కల్లిమాకస్ అనే శిల్పి దీన్ని రూపొందించాడని రోమన్ వాస్తుకారుడు విట్రూవియస్ చెప్పాడు. డోరిక్ ఎత్తు మొదట్లో అడుగు మందానికి 6 రెట్లు, అయోనిక్ ఎత్తు 8 రెట్లు అని కొలతలు కూడా ఇచ్చాడు. రోమన్లు తర్వాత టస్కన్, కాంపోజిట్ అనే మరో రెండు శైలులు చేర్చారు.

ఇక మన వైపు వద్దాం. అలంపురం నవబ్రహ్మ ఆలయాలు 7, 8 శతాబ్దాల బాదామి చాళుక్యుల నాటివి. అక్కడి కంబాల మీద పూర్ణకుంభం, దాని అంచుల నుండి జాలువారే ఆకులు కనిపిస్తాయి. అక్కడ బుట్ట, ఇక్కడ కుంభం! ఇది ఒకరిని చూసి ఒకరు చేసింది అనుకోనక్కరలేదు. మన పూర్ణకుంభం అంతకుముందే అమరావతి శిల్పాలలో ఉంది.

గ్రీకు స్తంభాన్ని ముఖ్యంగా తలకట్టును బట్టి గుర్తుపడతాము. కాకతీయుల నాటి కంబంలో నడుమే మారుతూ పోతుంది: కొంత చదరం, కొంత ఎనిమిది పలకలు, కొంత గుండ్రం. గణపతిదేవుని కాలంలో, 1208లో, రేచర్ల బేతిరెడ్డి భార్య ఎరకసానమ్మ పిల్లలమర్రిలో కట్టించిన ఎరకేశ్వరాలయంలో ఈ పనితనం చూడవచ్చు. పానగల్లు పచ్చల సోమేశ్వరాలయం కంబాల మీద రామాయణ, భారత కథలు చెక్కారు.

ఒక విషయంలో మాత్రం ఇరువురూ ఒకటే. కంబాల మీద దూలం పెట్టి కప్పు వేశారు. రాతిదూలం పొడవు పెరిగితే నడిమికి పగులుతుంది. అందుకే రెండుచోట్లా కంబాలు దగ్గర దగ్గరగా నిలిచాయి.

శ్రీశైలం జలాశయంలో మునగనున్న కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి అలంపురంలో తిరిగి నిలబెట్టారు. నీటి నుండి కాపాడుకున్నాము, సున్నం నుండి, రంగుల నుండి కాపాడుకోలేమా? జాతరకు ముందు భక్తితోనే పూసిన రంగు కింద నగిషీ, శాసనాల అక్షరాలు కప్పబడిపోతాయి. గోకితే రాయే దెబ్బతింటుంది.

ఉద్యోగ విరమణ చేసిన మనకు తీరిక ఉంది, ఊళ్ళో మన మాటకు విలువా ఉంది. సభ్యులు తమ ఊరి గుడి కంబాలను ఒకసారి పరిశీలనగా చూడాలి. ఆలయ కమిటీ వారు రంగు డబ్బాలు తెప్పించకముందే పురావస్తు శాఖకు ఒక ఉత్తరం రాయాలి. అర్జీలు రాయడం మనకు కొత్త కాదు కదా!