బస్తాల లెక్క, రూపాయల లెక్క

వార్ధక్యమున కెంత సొమ్ము చాలును? ఈ ప్రశ్నకు తెనాలి, రేపల్లె, బాపట్ల ప్రాంతముల రైతు పెద్దలు రూపాయలలో గాక ధాన్యపు బస్తాలలో సమాధానము చెప్పుకొనెడివారు. 1855లో బెజవాడకడ కృష్ణపై ఆనకట్ట పూర్తియైన పిదప ఈ పడమటి డెల్టా వరిసీమ యైనది. కౌలు గింజలలో వచ్చెడిది. ముదిమికై అట్టిపెట్టుకొనిన ఎకరము, ధర పెరిగినను తరిగినను, కడుపు నింపెడిది.

మనోవర్తి విషయమున ఈ భేదము స్పష్టపడును. ధాన్యము వ్రాయించుకొనిన వితంతువునకు తిండి నిలుచును. రొక్కము వ్రాయించుకొనిన యామెకో, 1942లో బర్మా బియ్యము ఆగి ధరలు మండినప్పుడు, అదే రూపాయి మునుపటి గింజలను తేలేకపోయినది. ద్రవ్యోల్బణమనగా నిదియే.

అట్లని గింజయు నిశ్చలము కాదు. 1977 నవంబరు తుపాను ఈ తీరమున పంటను, ప్రాణములను హరించినది.

1952లో ప్రావిడెంటు ఫండు చట్టము వచ్చినది. నేడు మనలో పెక్కురము రూపాయలనే దాచుచున్నాము. కావున లెక్క నేర్వవలెను. ధరలు ఏటేట నూటికెంత పెరుగునో, ఆ యంకెచే 72ను భాగింపుడు. నూటికి 6 చొప్పున 12 ఏండ్లకు ఖర్చు రెట్టింపగును, 24 ఏండ్లకు నాలుగింతలగును. నేడు నెలకు 20,000 రూపాయలతో గడచు ఇల్లు అప్పుడు 80,000 కోరును. వడ్డీ నూటికి 7 వచ్చినను, నిజముగా మిగులునది రమారమి ఒక్కటియే.

నాటి మనోవర్తి పత్రములను వ్రాసినవారు పరులు. మన ముదిమి పత్రమును మనమే వ్రాసికొనుచున్నాము. అందు రూపాయల ప్రక్కన బస్తాలనుగూడ వ్రాసి చూచుకొందము.