రాయకోటసీమ – మశూచికా నివారణ చరిత్ర

1792వ సంవత్సరపు శ్రీరంగపట్టణ సంధితో రాయకోట కుంఫిణీవారి యేలుబడిలోనికి వచ్చి, మదరాసు రాజధానిలో చేరెను. పదియేండ్లకు, 1802లో, జెన్నరు కనుగొనిన టీకా బొంబాయి మీదుగా ఈ రాజధానిని చేరెను. మంచుపెట్టెలు లేని ఆ కాలమున, టీకారసము చెడకుండ బిడ్డ చేతినుండి బిడ్డ చేతికి దానిని సాగించిరి.

తెలుగువారు మశూచికమును అమ్మవారని పిలిచి గుమ్మమునకు వేపమండ కట్టెడివారు. ఆ మండ రోగమును మాన్పజాలదు. కాని పరులు ఆ యింటికి రావలదని తెలుపు గురుతయ్యెను.

1973 పిదప దేశమున మశూచికను తుదముట్టించిన పద్ధతియు ఇట్టిదే: రోగిని వెదకి, వేరుపఱచి, చుట్టునున్నవారికెల్ల టీకా వేయుట. ఈ రోగము మనుష్యులకే సోకును. పొక్కులచే వెంటనే తెలియును. కావుననే 1975 మే నెలతో అది భారతదేశమున అంతరించెను. ఆచారమందలి యెడబాటునకు టీకాబలము తోడగుటయే ఈ విజయరహస్యము.