జ్వరానికి నేలవేము, తిప్పతీగ: పరీక్షలు ఏం చెబుతున్నాయి? రైతులు ఏం చేయాలి?

నాట్లు, కలుపు పనులు ముమ్మరంగా సాగే వానాకాలంలోనే పల్లెల్లో జ్వరాలూ ఎక్కువవుతాయి. పని మానుకోలేక చాలామంది నేలవేము కషాయమో, తిప్పతీగ రసమో తాగి మళ్లీ పొలానికి వెళ్తుంటారు. ఇవి నిజంగా పనిచేస్తాయా అని రైతులు తరచుగా అడుగుతుంటారు.

పరీక్ష ఎలా చేస్తారు?

ముందుగా మొక్క ఏ జాతిదో నిర్ధారించి, ఎండబెట్టి సారం తీస్తారు. ఎలుకల చర్మం కింద ఈస్ట్ ద్రావణం ఎక్కించి జ్వరం తెప్పిస్తారు. తరువాత వాటిని గుంపులుగా విడదీసి ఒక గుంపుకు నీరు, మరో గుంపుకు పారాసిటమాల్, మిగిలిన గుంపులకు వేర్వేరు మోతాదుల్లో సారం ఇచ్చి గంట గంటకూ ఉష్ణోగ్రత చూస్తారు. ఎరువుల ప్రయోగంలో ఏ ఎరువూ వేయని మడి ఒకటి వదిలినట్లే, ఇక్కడ నీరు మాత్రమే ఇచ్చిన గుంపు ఉంటుంది. అది లేకపోతే జ్వరం మందుతో తగ్గిందో, దానంతట అదే తగ్గిందో చెప్పలేం.

ఏం తేలింది?

- నేలవేము: గొంతునొప్పి, జ్వరం ఉన్న 152 మంది పెద్దవారిపై థాయ్‌లాండ్‌లో జరిగిన పరీక్ష ఫలితాలు 1991లో వెలువడ్డాయి. మూడో రోజుకు రోజుకు 6 గ్రాములు తీసుకున్నవారికి, పారాసిటమాల్ తీసుకున్నవారికి, 3 గ్రాములు తీసుకున్నవారి కంటే ఎక్కువ ఉపశమనం కలిగింది. ఏడో రోజుకు మూడు గుంపుల మధ్య తేడా లేదు. అంటే మోతాదు ముఖ్యం. ఇంటి కషాయంలో మోతాదు ఎంతో మనకు తెలియదు.
- తిప్పతీగ: కరోనా కాలంలో దీన్ని వాడిన కొందరికి కాలేయం దెబ్బతిన్నట్లు మన దేశ వైద్యులు నివేదించారు. దాన్నే పోలిన వేరే జాతి తీగ వాడి ఉండవచ్చని ఆయుష్ శాఖ హెచ్చరించింది. గుర్తు తెలియని తీగను వాడకండి.

జ్వరం తగ్గితే జబ్బు తగ్గినట్లు కాదు

పై పరీక్షలు చూసేది జ్వరం, గొంతునొప్పి లాంటి లక్షణాలనే. మలేరియా పరాన్నజీవికి, పొదల్లోని చిన్న పురుగులు కుట్టడం వల్ల వచ్చే స్క్రబ్ టైఫస్‌కు, ఎలుకల మూత్రం కలిసిన బురద నీటి ద్వారా సోకే లెప్టోస్పైరోసిస్‌కు వేర్వేరు మందులున్నాయి. కషాయంతో వేడి తగ్గి రెండు మూడు రోజులు ఆలస్యమైతే ప్రాణం మీదకు వస్తుంది. డెంగీలో అయితే జ్వరం తగ్గుతున్న సమయంలోనే ప్రమాదం ఎక్కువ.

రైతులకు సూచనలు

1. జ్వరం వస్తే ముందు రక్త పరీక్ష చేయించుకోండి. మలేరియా పరీక్షకు ఆశా కార్యకర్తను గానీ, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాన్ని గానీ సంప్రదించండి.
2. బురదలో, గడ్డిలో పని చేస్తుంటే ఆ సంగతి డాక్టరుకు చెప్పండి. ఒంటిపై కాలినట్లున్న నల్లటి మచ్చ ఉంటే చూపించండి.
3. డెంగీ అనుమానం ఉంటే ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ వాడకండి.
4. కషాయం తాగుతుంటే దాచకుండా చెప్పండి. గర్భిణులు నేలవేము వాడకూడదు. బీపీ, షుగర్ మందులు వాడేవారు డాక్టరును అడగకుండా తాగవద్దు.
5. కడుపులో తీవ్రమైన నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, కళ్లు పచ్చబడటం, మగత కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

పెరట్లో నేలవేము పెంచుకోండి, తప్పులేదు. కానీ పరీక్ష చేయించుకున్న తరువాతే కషాయం సంగతి ఆలోచించండి. ఒక రోజు కూలి పోయినా మరో రోజు సంపాదించుకోవచ్చు.